పాత కార్లు – గాజునార పలకలు

మోటారుకారు సొగసును గురించి మాట్లాడేవారు సాధారణంగా దాని ముఖవైఖరిని, రంగును, వేగాన్ని గురించి మాట్లాడుతారు. కాని మనిషికి కారుతో కలిగే చుట్టరికమంతా లోపలనే జరుగుతుంది. చేయి ఆనే తలుపుపలక, చూపు నిలిచే డాష్‌బోర్డు, తలపై గొడుగు పట్టినట్లుండే లోపలి కప్పు – ఇవే ప్రయాణికునికి తెలిసిన కారు. బయటి రేకుకు సొట్టపడితే వెంటనే టింకరింగు పనివాని వద్దకు తీసుకొనిపోతాము. లోపలి పలక పగిలితే మాత్రం దానిపై ఒక గుడ్డ కప్పి మరచిపోతాము. లేదా ఊడబెరికి పారవేస్తాము. అందువల్లనే పాత కార్లలో ఇంజను బ్రతికి, బయటి ఒళ్ళు బ్రతికి, లోపలి అలంకారం మాత్రం నశించినవి ఎన్నో కనిపిస్తాయి. ఈ ప్రసంగంలో మేము అటువంటి పలకలలో ఒక జాతిని, అనగా ఫైబర్ గ్లాసు అని వాడుకలో పిలిచే గాజునార పలకలను గురించి, వాటి పుట్టుకను గురించి, పగిలినప్పుడు వాటిని బాగుచేసే పద్ధతిని గురించి ముచ్చటించదలచినాము.

హైదరాబాదు నుండి బీజాపూరు పోయే పాతబాట మొయినాబాదు, చేవెళ్ళల మీదుగా సాగుతుంది. నిజాముల కాలంలో నాటిన మర్రిచెట్లు ఆ బాటకు ఇరువైపులా నేటికీ నిలిచి ఉన్నవి. బాట వెడల్పు చేయవలెనని సంకల్పించినప్పుడు సుమారు 900 మర్రిచెట్ల భవితవ్యం పెద్ద వివాదమై, న్యాయస్థానాల దాకా పోయినది. ఈ ప్రాంతంలోనే, షాబాదు మండలంలో, చందనవెల్లి అనే గ్రామం ఉన్నది. ఒకనాడు పంటచేలకే పరిమితమైన ఈ గ్రామం పేరు ఇటీవల పారిశ్రామికవాడ పేరుగా మారినది. ఇక్కడ వెల్‌స్పన్ సంస్థ నేలపై పరచే తివాచీల కర్మాగారం వెలసినది. అదే మండలంలోని సీతారాంపూరు వద్ద విద్యుత్తుతో నడిచే బస్సుల నిర్మాణానికై 150 ఎకరాల భూమి కేటాయించినారు. బండి లోపల పరచే తివాచీ, బండి లోపలి పలక – ఈ రెండును నారతో పుట్టినవే. కాబట్టి మన కథకు చందనవెల్లి తగిన చోటే అని చెప్పవలెను.

నారను బంకతో కలిపి గట్టి వస్తువును చేయడం ఈనాటి విద్య కాదు. పల్లెలలో ధాన్యం నిలువచేసే గుమ్మిని ఒకసారి జ్ఞాపకం చేసుకొనండి. వెదురు బద్దలతో దానిని అల్లుతారు. ఆ అల్లిక ఒక్కటే అయితే గింజ నిలువదు. మట్టి ఒక్కటే అయితే ఎండకు బీటలు వారి రాలిపోతుంది. అల్లికపై పేడ కలిపిన మట్టి పూసినప్పుడే అది గుమ్మి అవుతుంది. లాగుడుకు వెదురు ఓర్చుకొంటుంది. ఆకారాన్ని మట్టి నిలబెడుతుంది. గోడ పెట్టేవారు మట్టిలో గడ్డి వేసి తొక్కడంలో ఉన్న రహస్యమూ ఇదే. ఒకటి బలం, మరొకటి రూపం. రెండూ కలిసినప్పుడు మూడవ వస్తువు పుడుతుంది. గాజునార పలకలో వెదురుకు బదులు సన్నని గాజుపోగులు, మట్టికి బదులు రెజిన్ అనే రసాయనపు బంక ఉంటాయి. సూత్రంలో భేదం లేదు.

మన ప్రాంతానికి మోటారు వచ్చిన తొలినాళ్ళలో ఈ గాజునార ఎవరికీ తెలియదు. ఆనాటి కారు తయారీ రథాల తయారీ వంటిది. ఇంజనును, చట్రాన్ని ఒక కంపెనీ చేసేది. పైఒంటిని మరొక కంపెనీ కట్టేది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాను కోరికపై రూపొందిన రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టు దీనికి ఉదాహరణ. పసుపురంగుతో, సింహాసనం వంటి వెనుక ఆసనంతో ఉండే ఆ 1912 నాటి బండికి ఒంటిని కట్టినది ఇంగ్లండులోని బార్కర్ అనే ప్రసిద్ధ సంస్థ. బండిని కోరిన ప్రభువు 1911లోనే కన్నుమూసినాడు. అది ఆయన కుమారుడు ఉస్మాన్ అలీఖాను వంతు అయినది. తరువాతి కాలంలో దానిని బాగుచేయించి చౌమహల్లా రాజప్రాసాదంలో ప్రదర్శనకు ఉంచినారు. ఆ తరపు బండ్లలో లోపలి అలంకారమంతా కర్ర, తోలు, గుడ్డ. పగిలిన కర్రను వడ్రంగి అతుకుతాడు. చిరిగిన తోలును మోచి కుడుతాడు. అనగా ఆ బండిని బాగుచేసే విద్య బండికంటె ముందే మన వీధులలో ఉన్నది.

తరువాత రేకుల యుగం వచ్చినది. 1932లో నిజాం ప్రభుత్వపు రైల్వేశాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణాను ఆరంభించినది. 1942లో స్థాపితమైన హైదరాబాదు ఆల్విన్ కర్మాగారం పిమ్మట బస్సుల ఒళ్ళు కట్టడంలో పేరు గడించినది. నగరంలో తిరిగిన రెండంతస్తుల బస్సులను తలచుకొనే పెద్దలకు ఆల్విన్ పేరు కూడా జ్ఞాపకం వస్తుంది. రేకును కొట్టి వంచడం, అతకడం, చీలలు బిగించడం ఈ విధంగా నగరంలో ఒక పెద్ద వృత్తి అయినది. నేటికీ బండి పాడైతే మనవారు ‘టింకరింగుకు ఇచ్చినాము’ అంటారు. ఆ మాట రేకు యుగపు ఆస్తి.

ఇక గాజునార సంగతి. గాజును దారంగా తీయవచ్చునని ప్రాచీనులకు తెలుసు. 1893లో అమెరికాలోని షికాగో ప్రదర్శనలో లిబ్బీ అనే గాజు వ్యాపారి పట్టుతోపాటు గాజుదారం కలిపి నేసిన దుస్తులను ప్రదర్శించి జనాన్ని ఆశ్చర్యపరచినాడు. కాని అవి కట్టుకొనడానికి పనికివచ్చేవి కావు. వింతగా చూడడానికి మాత్రమే పనికివచ్చేవి. కరిగిన గాజును వేగమైన గాలితో, ఆవిరితో పొడవైన పోగులుగా చౌకగా తీసే పద్ధతి 1930 తరువాతి దశాబ్దంలో గేమ్స్ స్లేటర్ మొదలైనవారి కృషివల్ల సిద్ధించినది. 1938లో ఓవెన్స్-కార్నింగ్ అనే సంస్థ ఈ పనికే ఏర్పడినది. అదే దశాబ్దంలో పాలియెస్టర్ రెజిన్‌లు కూడా రూపుదిద్దుకొన్నవి. నార ఒక చోట, బంక ఒక చోట పుట్టి, రెండవ ప్రపంచయుద్ధకాలంలో పెళ్ళి చేసుకొన్నవని చెప్పవచ్చు. విమానాలలో రేడారు పరికరాలపై కప్పే బోర్లింపు మూతలకు అటువంటి పదార్థం కావలసివచ్చినది. లోహమైతే రేడియో తరంగాలను అడ్డగిస్తుంది, గాజునార అడ్డగించదు. రేడియో శ్రోతలమైన మనకు ఈ వివరం కొంత ప్రీతి కలిగిస్తుంది.

యుద్ధం ముగిసిన తరువాత ఈ పదార్థం పడవలలోనికి, పిమ్మట కార్లలోనికి వచ్చినది. 1953 జనవరిలో న్యూయార్కులో జరిగిన ప్రదర్శనలో జనరల్ మోటార్స్ సంస్థ కార్వెట్ అనే కారును చూపినది. దాని ఒళ్ళంతా గాజునార. ఆ సంవత్సరం తయారైనవి 300 కార్లు మాత్రమే. రేకును ఒత్తి ఆకారం తెప్పించవలెనంటే ఉక్కు అచ్చులు కావలెను. వాటికి లక్షలు పోయవలెను, నెలలు ఆగవలెను. లక్షల కార్లు అమ్మేవానికి ఆ ఖర్చు సరిపోతుంది గాని, వందలు అమ్మేవానికి సరిపోదు. గాజునారకు చెక్క అచ్చుతోనో, మరొక గాజునార అచ్చుతోనో పని నడుస్తుంది. కొద్ది పెట్టుబడితో కొత్త ఆకారం సాధించవచ్చు. అందువల్ల చిన్న కంపెనీలకు ఇది వరమైనది. 1957లో ఇంగ్లండులోని లోటస్ సంస్థ ఎలీట్ అనే కారులో చట్రపు బరువును కూడా గాజునారపైననే మోపినది. అదే సంవత్సరం తూర్పు జర్మనీలో మొదలైన ట్రబాంట్ కారుకు గాజుకు బదులు పత్తి వ్యర్థాలను రెజిన్‌తో కలిపి ఒత్తిన పలకలు వాడినారు. పత్తి పండించే మన రైతుకు ఈ మాట చెబితే నవ్వుతాడేమో గాని, ఆ కార్లు ముప్పది లక్షలకు పైగా తయారై తిరిగినవి.

మన దేశంలో ఈ మార్గాన నడచినది బెంగుళూరు. అక్కడ సన్‌రైజ్ సంస్థ 1970ల దశకంలో ‘బాదల్’ అనే మూడు చక్రాల కారును గాజునార ఒంటితో తయారు చేసినది. ఆ సంస్థయే తరువాత సిపానీ అనే పేరుతో 1982లో ‘డాల్ఫిన్’ అనే చిన్న కారును తెచ్చినది. ఇదియు గాజునార ఒళ్ళే. అంబాసిడరు, ఫియట్ తప్ప మరొక పేరు వినబడని ఆ రోజులలో ఇవి సాహసాలని చెప్పవలెను. వ్యాపారంలో అవి నిలువలేదు. కాని ఆ దశాబ్దాలలో బస్సుల, వ్యానుల డాష్‌బోర్డులు, లోపలి కప్పులు, ఇంజను మూతలు గాజునారతో చేయడం దేశమంతటా వ్యాపించినది. ‘ఫైబర్ పని’ అనే మాట మన మెకానిక్కు షెడ్లలో స్థిరపడినది.

హైదరాబాదు నగరానికి ఈ విద్యలో మరొక విధమైన ప్రతిష్ఠ ఉన్నది. 1982లో డాక్టర్ ఏ.పి.జె. అబ్దుల్ కలాము ఇక్కడి రక్షణ పరిశోధన అభివృద్ధి ప్రయోగశాలకు సంచాలకులై వచ్చినారు. నారను, బంకను కలిపిన సంయుక్త పదార్థాలపై ఆయనకు అంతకుముందునుండే మక్కువ. 1989లో తొలిసారి ఎగిరిన అగ్ని క్షిపణికై సాధించిన తేలిక పదార్థాలను చూచి, నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలోని ఎముకల వైద్యులు ఒక ఆలోచన చేసినారు. పోలియో సోకిన పిల్లలు మూడు కిలోలకు పైబడిన లోహపు కాలిపర్లను కాళ్ళకు కట్టుకొని ఈడ్చుకొంటూ నడిచేవారు. ఆ బరువును సుమారు 300 గ్రాములకు తగ్గించగలిగినారు. తన జీవితంలో మిక్కిలి ఆనందాన్ని ఇచ్చిన పనులలో ఇది ఒకటియని కలాముగారు పలుమార్లు చెప్పుకొన్నారు. కారు లోపలి పలకను చిన్నచూపు చూచేవారు ఈ సంగతి గమనించవలెను. పదార్థం ఒక జాతిదే. దానిని ఉపయోగించే చేతిని బట్టి దాని గౌరవం మారుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. పగిలిన పలకను ఎందుకు బాగుచేయవలెను? కొత్తది చేయించి బిగిస్తే సరిపోదా?

దీనికి చట్టసంబంధమైన సమాధానం ఒకటి ఉన్నది. కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో పాతకాలపు వాహనాల రిజిస్ట్రేషనుకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించినది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరాలు దాటి, మూలరూపంలోనే కాపాడబడుతూ, చట్రంలోగాని, బాడీలోగాని, ఇంజనులోగాని పెద్ద మార్పులు పొందని రెండు చక్రాల, నాలుగు చక్రాల వాహనాలకు మాత్రమే ఆ గౌరవం దక్కుతుంది. రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయల రుసుము. అది పది సంవత్సరాలు చెల్లుతుంది. నంబరు పలకపై రాష్ట్రపు గుర్తు తరువాత ‘వి.ఏ.’ అనే అక్షరాలు ఉంటాయి. ఈ లెక్కన 1970ల తొలిభాగపు కార్లు ఇప్పటికే ఈ వరుసలో చేరినవి. 1982 నాటి డాల్ఫిన్‌కు 2032లో ఆ అర్హత వస్తుంది. మూడు చక్రాల బాదల్‌కు ఈ నిర్వచనంలో చోటు లేదు కాబట్టి, దానిని కాపాడే భారం చట్టంకంటె యజమానిపైననే ఎక్కువ. అనగా గాజునార యుగపు బండ్లు మన కళ్ళముందే ‘పాతసామాను’ స్థితినుండి ‘చారిత్రక వస్తువు’ స్థితికి మారుతున్నవి. ఈ సంధికాలంలో తొందరపడి పారవేసినది మళ్ళీ దొరకదు.

చరిత్ర సంబంధమైన సమాధానం మరొకటి. గాజునార పలకకు రెండు ముఖాలు. ముందువైపు అచ్చును తాకి నున్నగా వస్తుంది. వెనుకవైపు గరుకుగా, పోగులు కనిపిస్తూ ఉంటుంది. ఆ వెనుకవైపున పనివాడు నారను ఏ విధంగా పరచినదీ, ఎక్కడ రెండు పొరలు ఎక్కువ వేసినదీ, ఏ మూల కుంచె తొందరగా తిప్పినదీ చదువుకొనవచ్చు. రేకును యంత్రం ఒత్తుతుంది. ఈ పలకను మనిషి చేయి వేసినది. పాత పలకను పారవేస్తే ఆ చేతివ్రాతను చించివేసినట్లే. 2019 మే నెలలో చార్మినారు మినారు నుండి ఒక గచ్చుముక్క రాలిపడినది. అప్పుడు ఎవరును మినారును పడగొట్టి కొత్తది కట్టుదామని అనలేదు. 1591 నాటి సున్నానికి సరిపడే సున్నంతోనే ఆ గాయాన్ని పూడ్చవలెనని భావించినారు. నియమం చిన్న వస్తువుకైనా, పెద్ద కట్టడానికైనా ఒక్కటే: ఉన్నదానిని నిలుపు, పోయినంతమేరకే చేర్చు, చేర్చినది పాతదానితో స్నేహంగా ఉండవలెను.

ఇక పద్ధతి. మొదట పలక నిజంగా గాజునారయేనా అని తెలుసుకొనవలెను. తరువాతి కాలపు కార్లలో చాలా పలకలు వేడికి కరిగే ప్లాస్టిక్కువి; వాటి వైద్యం వేరు. వెనుకకు త్రిప్పి చూస్తే గాజునారలో పోగులు కనిపిస్తాయి. పిమ్మట గాయం ఏ తరగతిదో చూడవలెను. పైపూతలో మాత్రమే సాలెగూడువలె సన్నని బీటలుంటే అది చర్మవ్యాధి వంటిది. బీట వెనుకదాకా పోతే అది ఎముక విరిగినట్లు. మరల బిగించే రంధ్రాల వద్ద చిట్లడం అన్నిటికంటె సామాన్యం. పలక బిగువు తట్టుకొనలేక అక్కడ చిట్లుతుంది; అందువల్ల మర కింద వెడల్పయిన వాషరు వేయడం సగం చికిత్స. మన ఎండ సంగతి వేరే చెప్పనక్కరలేదు. వేసవిలో అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు 70 డిగ్రీల దాకా వేడెక్కగలదు. బీజాపూరు బాటపై మర్రినీడన బండి నిలిపిన ఆనాటి డ్రైవర్లు తమకు తెలియకుండానే లోపలి పలకల ఆయుర్దాయం పెంచినారు.

విరిగిన చోటును పైపైన లప్పంతో పూడ్చడం మన షెడ్లలో జరిగే పెద్ద పొరపాటు. లప్పంలో పొడవైన నార లేదు. కాబట్టి బలమూ లేదు. మట్టి పూసి వెదురు మరచినట్లవుతుంది. బండి నాలుగు గతుకులు దాటగానే పాతబీట మళ్ళీ నోరు తెరుస్తుంది. సరియైన పద్ధతి ఇది. పలకను విప్పి, మైనము, నూనె పోయేటట్లు శుభ్రం చేయవలెను. బీట చివరలలో సన్నని రంధ్రం వేస్తే అది మరింత పాకదు. పిమ్మట వెనుకవైపు నుండి గాయం చుట్టూ ఏటవాలుగా అరగదీయవలెను. పలక మందానికి పన్నెండింతల దూరం ఈ వాలు ఉండడం మంచిది. మూడు మిల్లీమీటర్ల పలకకు ముప్పదియారు మిల్లీమీటర్లు అన్నమాట. అంత వెడల్పు ఎందుకనగా, కొత్త బంక పాతబంకలో కరిగి కలిసిపోదు. దానిని అంటిపట్టుకొని మాత్రమే ఉంటుంది. పట్టుకొనే చోటు ఎంత విశాలమైతే అతుకు అంత నమ్మకమైనది. ముందువైపు ఆకారం చెడకుండా ఆనుడుపలక కట్టి, వెనుక నారముక్కలను మెట్లుమెట్లుగా కత్తిరించి, రెజిన్‌తో తడిపి, గాలిబుడగలు పోయేదాకా రోలరుతో ఒత్తవలెను.

ఏ రెజిన్ వాడవలెననేది తరువాతి ప్రశ్న. పాత పలకలు సాధారణంగా పాలియెస్టరువి. వాటిపై పాలియెస్టరుతోనే బాగుచేయవచ్చు. ఎక్కువ పట్టు కావలెనంటే ఎపాక్సీ వాడవచ్చు. ఎపాక్సీ పాతపాలియెస్టరును చక్కగా అంటుకొంటుంది. కాని ఎపాక్సీపై మళ్ళీ పాలియెస్టరు వేస్తే సరిగా పట్టదు. ఈ క్రమం తప్పితే శ్రమంతా వృథా. మ్యాట్ అని పిలిచే ముక్కలనారలోని జిగురు పాలియెస్టరులో కరిగేటట్లు చేసినది కాబట్టి, ఎపాక్సీతో నేతగుడ్డ వంటి నార వాడడం మేలు. పాలియెస్టరు గట్టిపడడానికి కలిపే హార్డ్‌నరు నూటికి ఒకటి మొదలు రెండు పాళ్ళు. మన వేసవిలో రెండు పాళ్ళు కలిపితే గిన్నెలోనే గడ్డకట్టి పొగలు వస్తాయి. ఒకటికి దగ్గరగా ఉంచి, కొద్దికొద్దిగా కలుపుకొనవలెను. ఒకటికంటె తగ్గిస్తే ఎన్నటికీ పూర్తిగా గట్టిపడదు. వానకాలపు చెమ్మ కూడా ఈ పనికి శత్రువే. పైన తోలుముడతల వంటి నగిషీ ఉంటే, చెడని భాగంపై సిలికాన్ రబ్బరుతో ముద్ర తీసి, బాగుచేసిన చోట పూతపై ఆ ముద్ర ఒత్తవచ్చు. లప్పానికి వంతు అన్నిటి చివర, అదియు పలుచగా.

ఈ విద్యలో ఒక అపాయం ఉన్నది; దానిని చెప్పకపోవడం అధర్మం. గాజునార అరగదీసేటప్పుడు లేచే దుమ్ము కళ్ళకు, ఊపిరికి చేటు. పాలియెస్టరునుండి వచ్చే స్టైరీన్ ఆవిరి తలనొప్పిని, మగతను కలిగిస్తుంది. హార్డ్‌నరు కంటిలో పడితే చూపే పోవచ్చు. దానిని రెజిన్‌లో వేసే కోబాల్టు ద్రవంతో నేరుగా కలిపితే పేలుడు సంభవిస్తుంది. అయినా మన షెడ్లలో పదహారేళ్ళ కుర్రవాడు ముక్కుకు జేబురుమాలు కట్టుకొని ఈ పని చేయడం సామాన్యమైన దృశ్యం. జేబురుమాలు సన్నని దుమ్మును ఆపదు. ఆవిరిని అసలే ఆపదు. తగిన ముసుగు, కళ్ళద్దాలు, చేతితొడుగులు, గాలి ఆడే చోటు – ఇవి యజమాని సమకూర్చవలసినవి. తడిపి అరగదీస్తే దుమ్ము చాలావరకు అణగుతుంది. పని ముగిసిన పిమ్మట చేతులు మొదట చన్నీళ్ళతో కడుగుకొనవలెను. వేణ్ణీళ్ళు చర్మరంధ్రాలను తెరచి నలుసులను లోనికి పోనిస్తాయని అనుభవజ్ఞులు చెబుతారు. వేల రూపాయలు పోసి పాతకారును పునరుద్ధరించే వారు ఆ ఖర్చులో పనివాని ఊపిరిని కూడా లెక్కవేయవలెను. ఒక పలక ఆయుర్దాయంకొరకు మనిషి ఆయుర్దాయం తగ్గించడం ఏ సంస్కారమూ కాదు.

కర్రబండికి వడ్రంగి, రేకుబండికి టింకరింగు పనివాడు తోడుగా నిలిచినట్లు, గాజునార బండికి కూడా ఒక తరపు పనివారు తోడుగా నిలువవలసి ఉన్నది. చందనవెల్లి పరిసరాలలో నేడు లేస్తున్న కర్మాగారాలు రేపటి బండ్ల కొరకు. ఆ బండ్లు కూడా ఏభై సంవత్సరాలకు పాతవి అవుతాయి; వాటి లోపలి పలకలు కూడా ఒకనాడు చిట్లుతాయి. కొత్తది చేసే విద్య నేర్పే శాలలు మనకు పెరుగుతున్నవి. పాతదానిని నిలిపే విద్యను సైతం వాటిలో ఒక పాఠంగా చేర్చితే, ఐ.టి.ఐ.లో చదివిన పల్లెటూరి యువకునికి అది ఒక జీవనోపాధి అవుతుంది. మన బండ్లకు, వాటితోపాటు మన కాలానికి, ఒక జ్ఞాపకం మిగులుతుంది.